పొంపీలియో గోడమీద నా మేకు

ప్రదాల్తో శానిటోరియం,
1953 నవంబరు 10

కోజిమక్కా,

నీకూ నా మేనకోడలు రొజారియాకూ నా ముద్దులు. ఇక్కడ కొండమీద మంచు అప్పుడే మొదలైంది. మమ్మల్ని దుప్పట్లలో చుట్టి, వరండాలో వరసగా పడుకోబెడుతున్నారు. మన మిద్దెమీద నువ్వు టమాటాలు ఎండబెట్టినట్టే ఉంటుంది, ఎండ ఒక్కటే తక్కువ.

ముందు మంచి మాట. కఫం పరీక్షలో ఈసారి కూడా ఏమీ కనబడలేదు. కొత్త సూదిమందు పనిచేసిందట. డాక్టరుగారు నా వీపు మీద తట్టి, "ఇంకో వేసవి ఓపిక పట్టవయ్యా, తర్వాత ఇంటికిపోయి మీ అక్క చేతి వంట తిందువుగాని" అన్నారు. ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పు.

ఇక నా గడ్డం బ్రష్షుల సంగతి. నవ్వకు. నా గది కిటికీ పక్క పలక మీద ఉన్నవన్నీ పంది వెంట్రుకలవి. వాడకుండా వదిలేస్తే ఎండి విరుగుతాయి, పురుగు కూడా పడుతుంది. నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో ముంచి, విదిలించి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీయి. మరిగే నీళ్లు మాత్రం వద్దు. పిడిలోపలి లక్క కరిగి కుచ్చు ఊడివస్తుంది. ఫ్రాంకవిల్లా సంతలో కొన్న ఎర్రపిడిది, బ్రిందిసి స్టేషన్లో కొన్న రేకు పిడిది, ఆలివు కర్ర వాసన వచ్చేది, వీటిని కాస్త ఎక్కువ ప్రేమగా చూడు. దారాల సంచీ భుజాన వేసుకుని తిరిగినన్నాళ్లూ ఏ ఊళ్లో సరుకు బాగా అమ్ముడైతే ఆ ఊళ్లో ఒక బ్రష్షు కొన్నాను. ఏదీ ఒక పూట భోజనం ఖరీదు దాటలేదు. లాయర్లు వాడే ఖరీదైనవి చూశాను. చేతిలో పట్టుకుంటే ఎవరి వస్తువో పట్టుకున్నట్టు ఉంటుంది.

పొంపీలియో మామ మంగలి షాపులో, ఊళ్లో మగవాళ్లందరి బ్రష్షుల మధ్య నా మేకుకు వేలాడే నీలంపిడి బ్రష్షు సంగతి నీకు తెలుసు. ఆ మేకు ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పు.

రొజారియాకు సంబంధం కుదిరిందని రాశావు. ఒరోన్జో మంచి కుర్రాడు, చిన్నప్పుడు నా సంచీలోంచి దారపుండలు ఎత్తుకుపోయేవాడు. పెళ్లినాటి ఉదయం పెళ్లికొడుకు గడ్డానికి నురుగు పట్టేది పెళ్లికూతురి ఇంటి మగవాడి బ్రష్షుతోనే కదా. బావ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. కనుక ఆ బ్రష్షు నాది, నీళ్ల పళ్లెం పట్టుకునేదీ నేనే. నేను వచ్చేవరకు పెళ్లి ఆపగలిగితే ఆపు.

నీ తమ్ముడు
కతాల్దో


తొర్రెబియాంకా,
నవంబరు 27

చిరంజీవి కతాల్దోకు, మరియమాత నీడలో చల్లగా ఉండాలని కోరుతూ అక్క రాసేది.

నీ ఉత్తరం చదివి మోకాళ్లూని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అయితే ఆ మాట ఊళ్లో అందరికీ చెప్పమన్నావు. తగ్గిందని చెప్పాలంటే ముందు ఏది తగ్గిందో చెప్పాలి కదా నాయనా. జబ్బు పేరు ఎత్తకుండా మంచి వార్త చెప్పే మార్గం నాకు దొరకలేదు. అందుకని ఊరుకున్నాను.

పోయిన ఆదివారం పూజ తర్వాత ఒరోన్జో తల్లి ఎర్సీలియా గారు మనింటికి వచ్చారు. కాఫీ ఇస్తే, కప్పు అంచు తన రుమాలుతో తుడుచుకుని, "ఏమీ అనుకోకు కోజిమా, మీ తమ్ముడు తాగిన కప్పులూ ఇవేనా?" అని అడిగారు. కొత్తవండీ అన్నాను. "ఇంట్లో మనిషి అలా ఉంటే పిల్లల పిల్లలకీ వస్తుందంటారు. మాకు ఒక్కడే కొడుకు" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ఆమె కూడా ఒక తల్లి.

నీ బ్రష్షులు శుభ్రంగా ఉన్నాయి. నీ ఉత్తరం రాకముందే బట్టలుతికే కాగులో సోడా వేసి బాగా మరిగించాను. కొన్నిటికి కుచ్చు ఊడింది. వయసు వస్తే మనకూ ఊడుతుంది, దానికి దిగులెందుకు. పలక ఖాళీ అయితే రొజారియా దుప్పట్లూ మేజాగుడ్డలూ అక్కడ సర్దాను. నీ గదికి సున్నం రెండుసార్లు వేయించాను. చాలా తెల్లగా ఉంది.

నువ్వు తొందరపడకు. దేవుడు తీసుకెళ్లిన చోట ఓపికగా ఉండటమే ప్రార్థన.

నీ అక్క
కోజిమా


ప్రదాల్తో,
డిసెంబరు 20

కోజిమక్కా,

మరిగించావా. సరే. ఎన్ని బతికాయో మాత్రం రాయి. ఎర్రపిడిది బతికిందా?

కోపం లేదు. భయం మనిషిచేత ఏమైనా చేయిస్తుంది. ఇక్కడ వంటవాళ్లు కూడా మా పళ్లేలను కర్రతో తోస్తారు.

నా పక్కమంచం ఎలియో పోయాడు. మిలానులో ట్రాము కండక్టరు. నేను రోజూ గీసుకుంటుంటే చూసి, "ఒరేయ్ దక్షిణాదీ, ఇంటిదగ్గర గూడునిండా బ్రష్షులున్నాయంటావు, నీకు మొహాలెన్నిరా?" అని ఏడిపించేవాడు. "నీకు టోపీలెన్ని?" అన్నాను. "రెండు." "మరి తలకాయలెన్ని?" అంటే దగ్గొచ్చేదాకా నవ్వాడు. పోయే ముందు రోజు, "నన్ను గడ్డంతో పంపకురా, మా ఆవిడ తిడుతుంది" అన్నాడు. నా పచ్చపిడి బ్రష్షుతోనే నురుగు పట్టి గీశాను. తర్వాత దాన్ని కడిగి అతని చేతుల మధ్య పెట్టాను. సిస్టరుగారు "ఇదేం ఆచారమయ్యా" అంది. "చనిపోయినవాడి బ్రష్షు వాడితోనే పోవాలి సిస్టర్, మా ఊళ్లో అంతే" అన్నాను. శవం దొరకనివాళ్లకు ఏం చేస్తారని అడిగింది. బావ సంగతి చెప్పాను. పొంపీలియో మామ ఆయన బ్రష్షుకు నల్లరిబ్బను కట్టి ఏడాది మేకుకే ఉంచి, తర్వాత నీ చేతికిచ్చాడు కదా. ఆవిడ ఏమనుకుందో, శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు క్యాంటీనులో ఒకటి కొన్నాను. పసుపుపిడి, మోటుది, పంది వాసన ఇంకా పోలేదు. చీపురుతో మొహం ఊడ్చుకున్నట్టుంది. రోజూ వాడితే మూడు నెలలకు కొసలు చీలి మెత్తబడుతుంది. మన రొజారియా నాకు ఒక్క ముక్కయినా రాయదేం? కుట్లు నేర్చుకుంటూ అక్షరాలు మరిచిపోయిందా?

కతాల్దో


తొర్రెబియాంకా,
1954 ఫిబ్రవరి 8

చిరంజీవి కతాల్దోకు, నీ కోసం రోజూ జపమాల పట్టే అక్క రాసేది.

మొన్న శనివారం గుడిలో నీ పేరున పూజ పెట్టించాను. ఊరంతా వచ్చింది. పొంపీలియో షాపు మూసి వచ్చాడు. ఎర్సీలియా గారు ముందు వరసలో కూర్చున్నారు. ఫాదరుగారు నీ పేరు చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. నీకు ఇంత గౌరవం ఉందని నాకే తెలియదు. రొజారియా వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె రాయడం లేదని నొచ్చుకోకు. నీ పేరెత్తితే చాలు, కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

పెళ్లి ఈ నెలలో చేద్దామనుకున్నాం. సెప్టెంబరుకు వెనక్కి జరిపాం. అదే మర్యాద అని ఎర్సీలియా గారే అన్నారు. ఇప్పుడు ఆవిడ మన కాఫీ తాగుతున్నారు, కప్పు తుడవకుండా.

ఒక్క మాట. ఇకమీదట ఉత్తరాలు ఇంటికి రాయకు. మన పోస్ట్‌మాన్ ముసలివాడై ఎక్కడెక్కడో పారేస్తున్నాడు. పక్క ఊరి పోస్టాఫీసుకు నా పేరున రాయి. బుధవారం సంతకు వెళ్లినప్పుడు తెచ్చుకుంటాను.

బ్రష్షుల గురించి అడిగావు. వాటికి ఇక పురుగు భయం లేదు.

అక్క
కోజిమా


ప్రదాల్తో,
మార్చి 4

అక్కా, నా కోజిమక్కా,

నీ ఉత్తరం నాలుగు మంచాలవాళ్లకు చదివి వినిపించాను. ఊరంతా లేచి నిలబడిందా? పొంపీలియో మామ షాపు మూశాడా? వాళ్లమ్మ పోయిననాడు కూడా మధ్యాహ్నానికల్లా తెరిచాడే ఆయన. నన్ను మరిచిపోయారనుకుని ఇన్నాళ్లూ వాళ్లను మనసులో తిట్టుకున్నాను. నా నోరు కడుక్కోవాలి.

పెళ్లి సెప్టెంబరుకు జరిపానని ఏదో మర్యాద కబుర్లు రాశావు. నాకు తెలియదా? నేను వచ్చేదాకా ఆపమన్నాను, ఆపావు. అది నీ నోటితో చెప్పవు. చిన్నప్పుడు కూడా నీ వాటా అంజీరపళ్లు నా దిండు కింద పెట్టి, పిల్లి పెట్టిందనేదానివి.

అందుకని ఈ పార్శిలు పంపుతున్నాను. పసుపుపిడి బ్రష్షు ఇప్పుడు చూడు. వేలితో తాకితే కోడిపిల్ల వీపులా ఉంది. నీళ్లు ఎంత పట్టాలో అంతే పడుతుంది, నురుగు వదలదు. నా బ్రష్షులన్నిటిలో ఇంత తొందరగా మాట విన్నది లేదు. సిస్టరుగారు మందుపొగ పెట్టెలో ఉంచి, చీటీ కూడా రాసిచ్చారు, భయపడకు. ఒరోన్జోకు దీనితోనే నురుగు పట్టాలి. ఒకవేళ నాకు సెలవు ఆలస్యమైనా నా చేయి అక్కడ ఉన్నట్టే.

రొజారియా కళ్లు తుడవమని చెప్పు. మావయ్య వస్తున్నాడు.

కతాల్దో


తొర్రెబియాంకా,
ఏప్రిల్ 30

చిరంజీవి కతాల్దోకు,

పార్శిలు చేరింది. అబద్ధం చెప్పడం పాపం కనుక ఉన్నదే రాస్తున్నాను. పటకారుతో పట్టుకుని పొయ్యిలో వేశాను. సిస్టరుగారి చీటీ కూడా. చేతులకు సారాయి రాసుకున్నాను, బొబ్బలెక్కాయి, ఇప్పుడు నయం. మిగతావన్నీ చలికాలంలోనే వేశాను. పిడులు కర్రవి కనుక బాగా మండాయి. రేకుది మాత్రం మండలేదు, దాన్ని పెరట్లో పాతించాను.

నీ పేరుగల పునీతుని తిరునాళ్లు వచ్చే నెలలో. అక్కడ ఒక కొత్త బ్రష్షు కొంటాను. అది నీదేనని చెబుతాను. నురుగులో తేడా ఎవరికి తెలుస్తుంది? నీ పేరు నిలుస్తుంది, పిల్లవాడి ఆరోగ్యమూ నిలుస్తుంది.

నీ మేకు ఇంకెవరికీ ఇవ్వొద్దన్నావు. ఇవ్వలేదు. పొంపీలియో దానివైపు ఎవరినీ చేయి చాపనివ్వడు.

ఇక ఏమీ పంపకు.

అక్క


ప్రదాల్తో,
ఆగస్టు 20

అక్కా,

చాలా రోజులు రాయలేదు. రాయబోతే కలం ఆగింది. వాటి గురించి ఇక రాయను. వస్తువులే కదా.

సెప్టెంబరు పదిన నన్ను వదిలేస్తున్నారు. పూర్తిగా నయమైందని కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చారు. పెళ్లి నాటికి, పద్దెనిమిదికల్లా వస్తాను. సున్నం వేసిన గదిలో నేల మీద పడుకుంటాను, దుప్పట్ల జోలికి పోను. నా కప్పూ పళ్లెమూ నేనే తెచ్చుకుంటాను. బ్రష్షు ముట్టుకోను. పళ్లెం పట్టుకుని పక్కన నిలబడతాను, అంతే.

కతాల్దో


తొర్రెబియాంకా,
ఆగస్టు 29

చిరంజీవి కతాల్దోకు,

రావద్దు. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు, రైల్లో జనం తొక్కేస్తారు. పెళ్లి కానివ్వు. తర్వాత నేనే కబురు చేస్తాను. కొండగాలి నీకు పడింది, అక్కడే దగ్గర్లో ఏదైనా పని చూసుకోవడం మంచిదని ఫాదరుగారిలాంటి పెద్దలు ఎవరైనా అంటారు. నేను అడగలేదు, కానీ అంటారు.

నా మాట కాదనకు. తల్లి పోయాక నీకు తల్లిని నేనే.

అక్క


బొలోన్యా స్టేషను, వెయిటింగ్ రూము,
సెప్టెంబరు 20

అక్కా,

నేను వచ్చాను. నువ్వు నన్ను చూడలేదు.

శనివారం పొద్దున్నే బస్సు దిగాను. గడ్డం మాసింది, అలా నీ గడప తొక్కడం ఇష్టంలేక ముందు పొంపీలియో మామ షాపుకు వెళ్లాను. ఆయన అప్పుడే పెళ్లికొడుక్కి గీసి తిరిగొచ్చి, పళ్లెం కడుగుతున్నాడు. నన్ను చూడగానే పళ్లెం చేతిలోంచి జారింది.

"మామా, దెయ్యానికి గడ్డం గీస్తావా?" అని నవ్వుతూ అన్నాను. ఆయన నవ్వలేదు. వచ్చి నా రెండు చెంపలూ పట్టుకుని గట్టిగా నొక్కి చూశాడు.

"వెచ్చగానే ఉన్నావురా" అన్నాడు.

అప్పుడు గోడ చూశాను. నా మేకు. నా నీలంపిడి బ్రష్షు. దాని మెడకు నల్లరిబ్బను.

"ఎప్పుడు పోయాను మామా?"

"జనవరి ఆఖర్న. అక్కడే పూడ్చేశారని మీ అక్క చెప్పింది. న్యుమోనియా అంది. ఫిబ్రవరిలో పూజ చేయించింది. షాపు మూసి మరీ వచ్చానురా నీకోసం."

ఊరంతా లేచి నిలబడిన పూజ అదన్నమాట. దాన్ని నేను నాలుగు మంచాలవాళ్లకు చదివి వినిపించాను. పెళ్లి వెనక్కి జరిపింది నాకోసమే, నిజమే. మైల తీరాలి కదా.

నేను రిబ్బను విప్పబోయాను. పొంపీలియో మామ నా చేయి పట్టుకుని ఆపాడు. "నువ్వు విప్పకూడదు, నేనూ విప్పకూడదు. కట్టమన్న ఇంటివాళ్లే విప్పాలి. పద్ధతి పద్ధతే" అన్నాడు.

తర్వాత, నన్ను ఓదార్చాలనుకున్నాడేమో పాపం, సంచీలోంచి పెళ్లికొడుక్కి వాడిన బ్రష్షు తీసి చూపించాడు. "నీదేరా. నీ చేయి ఉన్నట్టే జరిగింది. ఒరోన్జో కాస్త గుచ్చుకుంటోందన్నాడు, చచ్చినోడి బ్రష్షు నోరు మూసుకో అన్నాను." కొత్త బ్రష్షు, కొసలు చీలలేదు, పంది వాసన. పిడికి ఎర్రరంగు వేశారు. ఎర్రపిడిది నాకిష్టమని గుర్తుపెట్టుకున్నావు.

"అవును మామా, నాదే" అన్నాను.

గుడి గంటలు మోగాయి. షాపు కర్టెను వెనక నిలబడి చూశాను. రొజారియా బయటికి వచ్చింది. ఎంత పొడుగైంది. చేతిలో పూలగుత్తి, దానికీ చిన్న నల్లరిబ్బను ముక్క. "ఎవరికోసం?" అన్నాను. "ఎవరికోసమేంట్రా, వెర్రివాడా" అన్నాడు మామ. ఆ పిల్లకు కూడా చెప్పలేదా అక్కా? ఆమె ఏడుపు నిజమా? అప్పుడు నేను బయటికి వస్తే ఆ పిల్ల అక్కడే పడిపోయేది. రాలేదు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాను. మామ గడ్డం గీశాడు, డబ్బు తీసుకోలేదు. చచ్చినవాళ్ల దగ్గర తీసుకోనన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

పెళ్లి అయిపోయింది. కట్టిన ముడి ఎర్సీలియా గారు కూడా ఇక విప్పలేరు. ఇక నీకు భయం లేదు. నన్ను ఇంట్లో ఉంచుకోమని అడగను. ఊళ్లో ఎక్కడో ఒక గది చూసుకుంటాను, దారాలు అమ్ముకుంటాను. ఒక్క పని చెయ్యి. పొంపీలియో మామ షాపుకు వెళ్లి ఆ రిబ్బను విప్పు. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు, ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు. విప్పితే చాలు, ఊరికి అర్థమవుతుంది. నేను వస్తాను.

అంతవరకు పనిచేయబోయే మిలాను వర్క్‌షాపు చిరునామా ఈ కింద రాశాను. ఎలియో తమ్ముడు పని ఇప్పించాడు. జవాబు అక్కడికి రాయి.

నీ తమ్ముడు,
బతికున్న
కతాల్దో


తొర్రెబియాంకా,
అక్టోబరు 3

కతాల్దోకు,

పెళ్లి దేవుడి దయవల్ల బాగా జరిగింది. గొర్రెపిల్ల మాంసం అందరికీ సరిపోయింది. రొజారియా అత్తగారింట్లో సంతోషంగా ఉంది. నీ ఫోటో వెంట తీసుకెళ్లింది. వాళ్ల నాన్న ఫోటో పక్కన పెట్టి, రోజూ సాయంత్రం దీపం వెలిగిస్తోంది. ఎర్సీలియా గారు కూడా ఆ దీపంలో నూనె పోస్తారట. అది చూశాక ఆ ఇంట్లో ఇంకో మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పడం వల్ల ఎవరికి మేలు?

పొంపీలియో నిన్ను చూశానని ఇద్దరు ముగ్గురితో అన్నాడు. పెళ్లినాడు పొద్దుటినుంచీ తాగి ఉన్నాడని వాళ్లే అనుకున్నారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.

మొన్న ఆయన మనింటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి బ్రష్షు నా ముందు పెట్టాడు. "అమ్మా కోజిమా, రిబ్బను విప్పుతావా, బ్రష్షు తీసుకుంటావా? రెండిట్లో ఒకటి చెయ్యి. నా గోడమీద మాత్రం ఇక ఉంచను" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. ఆయన కోసం కూడా ప్రార్థిస్తున్నాను. కాసేపు ఆలోచించి, బ్రష్షు తీసుకున్నాను. ఆ మేకుకు ఒరోన్జో తన బ్రష్షు పెట్టుకుంటాడట. ఇంటి అల్లుడు కనుక అది న్యాయమే.

నువ్వే ఒకసారి రాశావు, చనిపోయినవాడి బ్రష్షు వాడితోనే పోవాలని. అందుకని ఈ పార్శిలు. బుధవారం సంతకు నేను ఇక వెళ్లను, కాబట్టి అక్కడికి ఉత్తరం రాసినా ఎవరూ తీసుకోరు. ప్రతి సాయంత్రం జపమాలలో ఒక పది పూసలు నీ ఆత్మశాంతికి చెబుతున్నాను. ఆ పది ఎప్పుడూ తప్పను.

రిబ్బను గట్టిగా కట్టి ఉంది, ఊడదు. బ్రష్షు పాడైందేమోనని భయపడకు. దీన్ని మరిగించలేదు.

కోజిమా